పైతాన్ మరో ప్రోగ్రాముతో పని ఎలా చేయించుకుంటుంది?

మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లాలో తాడోబా పులుల అడవి ఉంది. అక్కడ చెట్లకు కట్టిన కెమెరాలు, ముందు నుంచి పులి నడిచిపోతే వాటంతటవే ఫొటో తీస్తాయి. ఏ రెండు పులుల చారలూ ఒకేలా ఉండవు కాబట్టి వాటిని పోల్చి లెక్క తేలుస్తారు. 2018–19 గణనలో దేశమంతటా 26,838 చోట్ల పెట్టిన కెమెరాలు దాదాపు 3.48 కోట్ల ఫొటోలు తీశాయి! ఏది ఎప్పుడు తీసిందో చేత్తో రాసుకోవడం మనిషి తరమా?

ఆ తేదీ, సమయం ఫొటో ఫైలులోనే ఉంటాయి. వాటిని చదివే ఉచిత ప్రోగ్రాము ఎగ్జిఫ్‌టూల్. ఫిల్ హార్వీ దాన్ని పెర్ల్ భాషలో రాశారు. పైతాన్ దాన్ని సబ్‌ప్రాసెస్ మాడ్యూలులోని రన్ ఫంక్షనుతో నడిపిస్తుంది. ప్రోగ్రాము పేరు, ఫైలు పేరు ఒక జాబితాలో విడివిడిగా ఇస్తే, ఫైలు పేరులో ఖాళీ ఉన్నా తికమక రాదు.

పని ముగిశాక ఒక అంకె వస్తుంది. సున్నా అయితే సాధారణంగా అంతా సవ్యమే. ఫలితమూ తప్పుల సందేశాలూ కూడా చేతికి రావాలంటే ముందే అడగాలి, లేదంటే అవి తెరమీదికి పోతాయి. ఆ అంకెను తప్పక చూడాలి! చూడకపోతే, పాడైన ఫొటో తేదీ లేకుండానే లెక్కలో కలిసిపోవచ్చు.

ఫొటోకోసారి ఎగ్జిఫ్‌టూల్‌ను పిలిస్తే పెర్ల్ ప్రతిసారీ కొత్తగా మొదలై ఆలస్యమవుతుంది. ఫోల్డరు మొత్తాన్ని ఒకేసారి అప్పగించి, ఫలితాన్ని ప్రోగ్రాములు సులువుగా చదవగల జేసన్ రూపంలో అడగడం మేలు.