పొట్టేలు పిల్లల మేపుడులో సుబాబుల్ ఆకు: ఎంత ధరకు కొనవచ్చు?

(మా వాణిజ్య విలేకరి)

వేరుశెనగ చెక్క ధర ఎగబాకినప్పుడల్లా గొర్రెలు మేపేవారు మొదట కోత పెట్టేది దాణాకే. ఆ కోత మూడు నెలల తర్వాత సంతలో తూకం దగ్గర బయటపడుతుంది. పిల్లలను కొని, మేపి, అమ్మే వర్తకులకూ, చెక్క, తవుడు కమీషన్ వ్యాపారస్థులకూ చెట్ల ఆకు సంగతి పట్టించుకోదగినదే. 2019 పశుగణన ప్రకారం తెలంగాణలో గొర్రెలు సుమారు 1.90 కోట్లు, ఆంధ్రప్రదేశ్‌లో 1.76 కోట్లు, దేశంలో మొదటి రెండు స్థానాలూ ఇవే. ఇన్ని జీవాలకు చెక్క పెట్టి గిట్టించుకోవడం జరిగే పని కాదు.

వేసవిలో కాపరులు దోటితో తుమ్మ, వేప కొమ్మలు దించి మేపడం పాత అలవాటే. వ్యాపారపు లెక్కకు అందేది మాత్రం సుబాబుల్, కొంతవరకు అవిశ. ఎండిన సుబాబుల్ ఆకులో మాంసకృత్తులు నూటికి 20 నుంచి 25 పాళ్లు; వేరుశెనగ చెక్కలో 40 పైచిలుకు. కాగితం మీద రెండు క్వింటాళ్ల ఆకు ఒక క్వింటాలు చెక్కకు సమానం. అయితే ఆకులోని టానిన్ వల్ల ఆ మాంసకృత్తులన్నీ ఒంటబట్టవు. అందుచేత ఆకుకు చెక్క ధరలో సగం ఇవ్వడం ఎక్కువే. మూడో వంతు దగ్గర బేరం తెగితే కొన్నవారికి నష్టం ఉండదని మా అంచనా. పచ్చి ఆకు ఎండితే బరువు సుమారు మూడో వంతుకు దిగుతుందన్నది అమ్మేవారు మరువరాదు. కాగితపు మిల్లులకు సుబాబుల్ కర్ర తోలే ప్రకాశం, కృష్ణా ప్రాంతాల్లో, కర్ర పోగా మిగిలే రెమ్మే అన్నిటికంటే చవక సరకు.

చవక అని ఆశపడి ఆకే మేపితే అసలుకే మోసం. సుబాబుల్‌లో మైమోసిన్ అనే విషపదార్థం ఉంది. మోతాదు మించితే ఉన్ని ఊడుతుంది, గొంతు గ్రంథి ఉబ్బుతుంది, ఎదుగుదల కుంటుపడుతుంది. గొంగళ్లకు ఉన్ని ఇచ్చే దక్కనీ గొర్రెల విషయంలో నష్టం రెండింతలు. ఎండు మేత లెక్కన నూటికి 30 పాళ్లు దాటకూడదు; చూడి గొర్రెలకు ఇంకా తగ్గించాలి.

15 కిలోల పిల్ల రోజుకు ఎండు లెక్కన దాదాపు 600 గ్రాములు తింటుంది. అందులో ఆకు 180 గ్రాములు. నూరు పిల్లలకు 90 రోజులకు 16 క్వింటాళ్లు. పిల్ల ఎదిగేకొద్దీ మేతా పెరుగుతుంది కనుక 20 క్వింటాళ్లు పైన సమకూర్చుకోవలసిందే.

సరకు చూసేటప్పుడు బస్తా అడుగున చేయిపెట్టి చూడాలి. పుల్లలు కలిసిన ఆకు తూకానికి నిండుగా ఉంటుంది కాని, పుల్లలో బలం లేదు. నీడన ఆరిన ఆకు పచ్చదనం నిలుపుకుంటుంది. నిమ్ముతో కట్టిన బస్తా గోడౌనులో వేడెక్కి బూజు పడుతుంది. అటువంటి దానిని ఏ ధరకూ ముట్టరాదు.