కప్పు బియ్యం ఎన్ని గ్రాములు? యాప్ కరెక్టే, తప్పు నాదే!

నాలుగు నెలల క్రితం నాన్నకి షుగర్ అని తేలింది. డైటీషియన్ ఇచ్చిన చీటీలో "పూటకి 60 గ్రాముల బియ్యం" అని ఉంది. అమ్మ ఫోన్ చేసి, "60 గ్రాములంటే ఎంత రా? మనింట్లో గ్లాసే కదా కొలత" అని అడిగింది.

కన్వర్టర్ యాప్ ఓపెన్ చేశా. 1 కప్పు బియ్యం అంటే 185 గ్రాములని చూపించింది. అందులో మూడో వంతు దాదాపు 60. "గ్లాసులో మూడో వంతు పొయ్యమ్మా" అని చెప్పేసి మళ్లీ పనిలో పడిపోయా.

అమ్మ రోజూ అలాగే కొలిచింది. అయినా షుగర్ అనుకున్నంత తగ్గలేదు. బయట ఏదో తింటున్నారని అందరం నాన్ననే అనుమానించాం. ఆయన ఏమీ తినట్లేదని చెప్పినా నమ్మలేదు.

సంక్రాంతికి ఇంటికెళ్తూ ఒక డిజిటల్ కిచెన్ స్కేల్ తీసుకెళ్లా. అమ్మ పోసే మూడో వంతు బియ్యాన్ని తూచి చూస్తే 84 గ్రాములు! చీటీలో ఉన్నదానికంటే 40 శాతం ఎక్కువ.

ఏ కప్పు?

యాప్ చెప్పింది అమెరికన్ కప్పు, అంటే సుమారు 240 ఎంఎల్. రైస్ కుక్కర్‌తో వచ్చే కప్పు 180 ఎంఎల్, జపాన్ పాత కొలత నుంచి వచ్చింది. అందులో బియ్యం దాదాపు 150 గ్రాములే పడతాయి. మా స్టీలు గ్లాసు ఈ రెండూ కాదు. ప్రోగ్రామింగ్ భాషలో చెప్పాలంటే, యూనిట్ చెక్ చేయకుండా వాల్యూ పాస్ చేశానన్నమాట.

మీ గ్లాసుని ఇలా టెస్ట్ చేయండి

1. ఖాళీ గ్లాసు స్కేల్ మీద పెట్టి టేర్ బటన్ నొక్కండి. సున్నా చూపిస్తుంది.
2. అంచుదాకా నీళ్లు పోయండి. 1 ఎంఎల్ నీళ్లు 1 గ్రాము కాబట్టి ఎన్ని గ్రాములు చూపిస్తే గ్లాసు అన్ని ఎంఎల్. మాది 300.
3. గ్లాసు తుడిచి బియ్యం పోసి, తలకొట్టి తూచండి. మా సోనా మసూరి 252 గ్రాములు వచ్చింది.

252ని 300తో భాగిస్తే 0.84. ఇక ఏ గిన్నె అయినా దాని ఎంఎల్‌ని 0.84తో గుణిస్తే మా బియ్యం బరువు వచ్చేస్తుంది. మీ బియ్యం రకాన్ని బట్టి ఈ నంబర్ కొంచెం మారుతుంది. అటుకులకైతే అస్సలు పనికిరాదు, అవి చాలా తేలిక. గోపురంలా పోస్తే లెక్క మొత్తం తప్పుతుంది. మా గ్లాసులో అలా పోస్తే 30 గ్రాములు ఎక్కువొచ్చాయి.

స్కేల్ కొనేముందు

1 గ్రాము తేడా చూపించేది, టేర్ బటన్ ఉన్నది చాలు. "ఎంఎల్ మోడ్" చూసి మాత్రం మోసపోవద్దు. అది నీళ్ల లెక్కతో పనిచేస్తుంది. 252 గ్రాముల బియ్యం పెడితే 252 ఎంఎల్ అంటుంది, నిజానికి అది 300. ఇంకో జాగ్రత్త: చీటీలో ఉన్నది బియ్యమా, అన్నమా అని అడగండి. ఉడికాక బరువు రెండున్నర నుంచి మూడు రెట్లవుతుంది.

ఇప్పుడు అమ్మ రోజూ స్కేల్ తీయట్లేదు. ఒక చిన్న గిన్నెలో 60 గ్రాములు పోసి, ఎక్కడిదాకా వచ్చిందో అక్కడ నెయిల్ పాలిష్‌తో గీత పెట్టాం. బియ్యం బ్రాండ్ మారిస్తే మళ్లీ తూస్తాం.

నాన్నకి సారీ చెప్పా. "ఇంతకీ నేనేం తినలేదని తేలిందిగా" అన్నారు. షుగర్‌కి ఈ 24 గ్రాములే కారణమని నేను చెప్పలేను, అది డాక్టర్ చూడాల్సిన విషయం. కానీ ఆయన మాట కంటే నా లెక్కనే ఎక్కువ నమ్మాం, అది మాత్రం తప్పే. మీ ఇంట్లోనూ ఇలాంటి చీటీ ఉంటే, ముందు గ్లాసు తూచండి.