ఐదు వీవీప్యాట్‌లు సరిపోతాయా?

కేరళలోని పరవూరు అసెంబ్లీ స్థానంలో 1982లో 84 పోలింగ్ కేంద్రాలకుగాను 50 చోట్ల ఈవీఎంలు పెట్టారు. శివన్ పిళ్లై 123 ఓట్ల తేడాతో గెలిచారు. ఓడిన ఏసీ జోస్ కోర్టుకెక్కారు. యంత్రంతో ఓటు వేయించే అధికారం ఎన్నికల సంఘానికి ఏ చట్టం ఇచ్చిందన్నది ఆయన వాదన. 1984లో సుప్రీంకోర్టు ఆ వాదనతో ఏకీభవించింది. ఆ 50 కేంద్రాల్లో కాగితపు బ్యాలెట్‌తో మళ్లీ పోలింగ్ జరిగితే ఈసారి జోస్ నెగ్గారు.

దాంతో పార్లమెంటు ప్రజాప్రాతినిధ్య చట్టంలో 61ఏ సెక్షన్ చేర్చింది. 1989 మార్చి 15న అది అమల్లోకి వచ్చింది. బూత్ ఆక్రమణను నేరంగా నిర్వచించిన 135ఏ కూడా అదే సవరణతో వచ్చింది. యంత్రానికి చట్టబద్ధత అలా దక్కింది. ఓటు ఎవరికి పడిందో ఓటరు కళ్లారా చూసుకునే వీలు రావడానికి మాత్రం 2013 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ ఆగస్టులో ఎన్నికల నిర్వహణ నిబంధనలను సవరించి, ఓటు ఎవరికి పడిందో చీటీపై ముద్రించి చూపే వీవీప్యాట్ తెచ్చారు. చీటీ 7 సెకన్లు కనిపించి పెట్టెలో పడుతుంది. యంత్రం లెక్కకూ చీటీల లెక్కకూ పొంతన కుదరకపోతే చీటీల లెక్కే చెల్లుతుందని 56డీ నిబంధన చెబుతోంది. భద్రత పరంగా మొత్తం వ్యవస్థలో అతి విలువైన వాక్యం ఇదే.

మరి ఆ చీటీలను ఎన్ని చోట్ల లెక్కిస్తారు? మొదట అసెంబ్లీ సెగ్మెంటుకు ఒక్క యంత్రమే. సగం లెక్కించాలంటూ చంద్రబాబు నాయుడు సహా 21 మంది ప్రతిపక్ష నేతలు సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2019 ఏప్రిల్ 8న కోర్టు ఒకటిని అయిదు చేసింది.

ఆ ఏడాది ఎన్నికల్లో 20,687 వీవీప్యాట్‌ల చీటీలు లెక్కిస్తే ఒక్కచోటే తేడా వచ్చింది. అది మన మైదుకూరులో, 63వ నంబరు కేంద్రంలో. పోలింగ్‌కు ముందు ఏజెంట్ల ఎదుట కనీసం 50 ఓట్లతో మాక్ పోల్ జరుపుతారు. ఆ తర్వాత క్లోజ్, రిజల్ట్, క్లియర్ బటన్లను వరసగా నొక్కి యంత్రంలోని లెక్క తుడిచెయ్యాలి. ఎన్నికల సిబ్బంది నోట ఇది ‘సీఆర్సీ’. మైదుకూరులో ప్రిసైడింగ్ అధికారి ఆ లెక్క తుడవలేదు. హ్యాకరూ లేడు, కుట్రా లేదు, తెల్లవారుజామున నొక్కాల్సిన బటన్ ఒకటి మిగిలిపోయింది, అంతే. అయినా అది బయటపడింది చీటీలు లెక్కించబట్టే.

ఇప్పుడు కాస్త గణితం. అసెంబ్లీ స్థానంలో 250 కేంద్రాలున్నాయని, వాటిలో 25 యంత్రాల్లో తేడా ఉందని అనుకుందాం. లాటరీ తీసిన అయిదింటిలో కనీసం ఒక్క తేడా యంత్రమైనా దొరికే అవకాశం దాదాపు 41 శాతం. అంటే సగానికి తక్కువే. ఒకే యంత్రంలో తేడా ఉంటే అది 2 శాతానికి పడిపోతుంది. అదే ఏడు సెగ్మెంట్ల లోక్‌సభ స్థానమైతే 35 యంత్రాలు తనిఖీకి వస్తాయి కనుక, పదో వంతు యంత్రాల్లో తేడా ఉన్నా పట్టుబడే అవకాశం 97 శాతం దాటుతుంది. ఎంపీ ఎన్నికకు ధీమాగా ఉండొచ్చు. వంద, రెండొందల ఓట్లతో తేలే ఎమ్మెల్యే స్థానానికి ఆ ధీమా లేదు.

2024 ఏప్రిల్ 26న వంద శాతం లెక్కింపు కోరిన పిటిషన్లను సుప్రీంకోర్టు కొట్టేసింది. రెండు, మూడు స్థానాల్లో నిలిచిన అభ్యర్థులు ఫలితం వచ్చిన 7 రోజుల్లోగా అడిగితే 5 శాతం ఈవీఎంల మెమరీ చిప్‌లను తనిఖీ చేయాలంది. గుర్తులు ఎక్కించే యూనిట్లను 45 రోజులు సీలు వేసి భద్రపరచమంది. మంచివే. కానీ ఆ అయిదు గానీ, ఈ 5 శాతం గానీ చట్టంలో పార్లమెంటు రాసిన అంకెలు కావు. రెండూ కోర్టు తీర్పుల్లోంచి వచ్చినవే.

ఆధిక్యం తగ్గేకొద్దీ లెక్కించే చీటీల పెట్టెలు పెరగాలన్న సూత్రాన్ని నిబంధనల్లోనే రాయాలి. దానికి కొత్త యంత్రాలు అక్కర్లేదు. ప్రజాప్రాతినిధ్య చట్టం 169వ సెక్షన్ ప్రకారం, ఎన్నికల సంఘాన్ని సంప్రదించి ఆ నిబంధనలు మార్చే అధికారం కేంద్రానికి ఇప్పటికే ఉంది.