బ్రికెట్‌వుడ్‌లో కుదిరిన ఎనిమిది పండుగలు

లండన్‌కు వాయవ్యంగా సుమారు 30 కిలోమీటర్ల దూరంలో, సెయింట్ ఆల్బన్స్ దాపున బ్రికెట్‌వుడ్ అనే ఊరుంది. ఊరిని ఆనుకుని పాత అడవి. వసంతంలో చెట్ల కింద నేలంతా బ్లూబెల్ పూలే. విక్కా అనే ఆధునిక పేగన్ మతాన్ని పాటించే విక్కన్లు ఇప్పుడు ఏ దేశంలో పండుగ చేసుకున్నా, ఆ పంచాంగంలో ఈ ఊరికి పాలుంది.

మలయాలో రబ్బరు తోటల్లో, కస్టమ్స్ కొలువులో ఏళ్లు గడిపి తిరిగొచ్చిన జెరాల్డ్ గార్డ్‌నర్, విక్కాను ప్రచారంలోకి తెచ్చినవాడు, ఇక్కడి నగ్నజీవనుల క్లబ్బులో చోటు సంపాదించాడు. న్యూ బార్నెట్‌లోని ఒక జానపద ప్రదర్శనశాల నుంచి పాత కలప ఇంటిని విప్పించి తెచ్చి, చెట్ల మధ్య మళ్లీ నిలబెట్టించాడు. ఆయన బృందం పూజలకు అదే గుడి. తొమ్మిదడుగుల వలయం గీసి, దిగంబరంగా నిలబడి దేవినీ, కొమ్ముల దేవుడినీ పిలిచేవారు. బృందంలోని డొరీన్ వాలియెంట్ వారి మంత్రపాఠాలను కవిత్వంగా తిరగరాసింది.

మంత్రశక్తి ఉందని చెప్పుకోవడమే నేరమన్న 1735 నాటి చట్టం 1951లో రద్దయ్యాకే గార్డ్‌నర్ బహిరంగంగా రాయగలిగాడు. చేతబడి నిందతో మనుషుల్ని చంపిన వార్తలు ఇప్పటికీ చదువుతున్న మనకు ఆ స్వేచ్ఛ ఎంత పెద్దదో వేరే చెప్పాలా!

మొదట్లో వాళ్లకు పెద్ద పండుగలు నాలుగే. ఇప్పటి పేర్లతో ఇంబోల్క్, బెల్టేన్, లూనసా, సావిన్. అయనాలను, విషువత్తులను దగ్గరి పున్నమి రాత్రి జరిగే మామూలు కలయికలోనే కలిపేసేవారు. వీటినీ అసలు రోజునే పండుగగా చేసుకుందామని 1958లో బృందం అడిగింది, గార్డ్‌నర్ సరేనన్నాడు. అలా ఎనిమిదయ్యాయి. మనం ఉత్తరాయణాన్ని జనవరి సంక్రాంతికి లెక్కపెడతాం, వీళ్లది డిసెంబరులో పొద్దు నిజంగా మళ్లే రోజు. గార్డ్‌నర్ స్నేహితుడు రాస్ నికొల్స్ 1964లో పెట్టిన డ్రూయిడ్ సంఘానిదీ ఇదే పండుగల చక్రం. వేసవి అయనానికి లిథా, శరద్విషువత్తుకు మేబన్ అన్న పేర్లు మరీ కొత్తవి, 1970లలో అమెరికాలో ఎయిడన్ కెల్లీ పెట్టాడు.

తరతరాలుగా చెక్కుచెదరకుండా వచ్చిన చక్రమని చాలామంది నమ్ముతారు. నాకు మాత్రం అడిగి తెచ్చుకున్నందుకే ఈ పండుగలపై గౌరవం ఎక్కువ. ఏడాదికి ఇంకో నాలుగుసార్లు కలవాలని అంతగా కోరుకున్నారు వాళ్లు. ఆ చొరవ నేటికీ ఉంది. బ్రిటన్‌లో బెల్టేన్ వచ్చే మే నెల శరదృతువైన ఆస్ట్రేలియాలో చాలామంది చక్రాన్ని ఆర్నెల్లు జరిపి, బ్రిటన్ విక్కన్లు సావిన్ నాడు చనిపోయినవారిని తలచుకునే రోజుల్లోనే బెల్టేన్ మంటలు వేస్తారు.