పాత కారు ఏసీకి గ్యాసు కొనేవారు కాటా మరువరాదు

చీమకుర్తి: గెలాక్సీ గ్రానైట్ ధర్మమా అని ఈ ఊరి పేరు దేశదేశాల తెలుసు. రాతి గనుల మీద, మిర్చి, పత్తి వ్యాపారాల మీద నిలదొక్కుకున్న ఇళ్లలో కొన్నింట ఒక అంబాసిడరో, కాంటెస్సాయో, తొలినాటి మారుతీయో ఇంకా షెడ్డులో భద్రంగా ఉంటుంది. ఇంజనుకు విడిభాగాలు ఎలాగో దొరుకుతాయి. ఏసీకి గ్యాసు దగ్గరే చిక్కు వస్తున్నది.

ఆ కార్లకు బిగించిన పాత ఏసీలు ఆర్-12 గ్యాసుతో నడిచేవి. మెకానిక్కులు ఫ్రియాన్ అనేది దీన్నే. ఓజోన్ పొరకు చేటు చేస్తుందని 1987లో మాంట్రియల్‌లో ఒప్పందం కుదరగా, 1992లో మన దేశం అందులో చేరింది. 2000లో నియమాలు వచ్చాయి. 2003 జనవరి 1 నుంచి కొత్త ఏసీలలో దీని వాడకం ఆగింది. 2008 ఆగస్టు 1 నుంచి, ఉబ్బసం రోగుల పంపుల అవసరం మినహా, ఉత్పత్తి కూడా నిలిచిపోయింది. కనుక ఈనాడు ఆర్-12 అని అమ్మకానికి వచ్చే ప్రతి కిలో ఏళ్ల కిందటి నిల్వ అయినా కావాలి, పాత యంత్రాల నుంచి తీసి శుద్ధి చేసినదైనా కావాలి, లేదా నకిలీ అయినా కావాలి. కొత్త రాబడి లేని సరుకుకు ధారణ అంటూ ఒకటి ఉండదు. అమ్మేవాడు చెప్పిందే ధర.

ధర సంగతి అటుంచి ముందు తూకం చూడాలి. సిలిండరులో ఒక్క పిడికెడు ద్రవం మిగిలినా గేజీ నిండు సిలిండరుకు చూపినంత ఒత్తిడే చూపుతుంది. గేజీ చూసి నిండుగా ఉందనుకోవటం బస్తాను బయట తట్టి మిర్చి నాణ్యం చెప్పటం వంటిదే. ఈ విలేకరి ఒకసారి ఒక దుకాణంలో పదమూడున్నర కిలోల సరుకని చెబితే నమ్మి సొమ్ము చెల్లించి, తర్వాత కాటా వేయిస్తే నాలుగు కిలోలు తక్కువ తూగింది. ఖాళీ సిలిండరు బరువు దాని మీదనే చెక్కి ఉంటుంది. మొత్తం తూకంలో అది తీసివేస్తే అసలు సరుకు తేలుతుంది.

రెండవది నాణ్యం. సిలిండరును ఒక రాత్రి నీడలో ఉంచి, దాని ఉష్ణోగ్రత కొలిచి, ఒత్తిడి చూడాలి. 30 డిగ్రీల వద్ద ఆర్-12 సుమారు 93 పౌండ్లు చూపాలి. 158కి దగ్గరైతే అది ఇళ్ల ఏసీలలో వాడిన ఆర్-22. వంద దాటి ఎటూ కాకుండా ఉంటే గాలి గాని మరొకటి గాని కలిసిందనుకోవాలి. అయితే ఈ పరీక్షకూ ఒక లోపమున్నది. ఇప్పటి కార్లలో విరివిగా వాడిన ఆర్-134ఏ అదే వేడి వద్ద సుమారు 97 చూపుతుంది. తేడా నాలుగు పౌండ్లే. వంటగ్యాసు జాతి మిశ్రమాలను కూడా ఈ అంకెకు దగ్గరగా కలపవచ్చు. అందుచేత ఖరీదైన కొనుగోలుకు గ్యాసును గుర్తించే యంత్రం ఉన్న వర్క్‌షాపులో చూపించటమే దారి. ఆ ఖర్చు కంప్రెసరు ఖరీదు ముందు లెక్కలోనిది కాదు.

నకిలీ ఎంత దూరం పోతుందో 2011లో ఓడ వ్యాపారం చూసింది. వియత్నాంలో మరమ్మతు అయిన శీతల కంటైనర్లలో ఆర్-134ఏ పేరిట మిథైల్ క్లోరైడు కలిసిన గ్యాసు ఎక్కింది. అది అల్యూమినియంతో కలిసి, గాలి తగిలితే చాలు మండే పదార్థమై కూర్చున్నది. కంటైనర్లు పేలి ముగ్గురు మరణించారు. కారు ఏసీలలోనూ అల్యూమినియం భాగాలు తక్కువేమీ కాదు.

గుంటూరు శీతల గిడ్డంగులతో పరిచయమున్న మిర్చి వర్తకులకు అమ్మోనియా ఘాటు తెలుసు. లీకైతే ముక్కే చెబుతుంది. ఆర్-12 అలా చెప్పదు. దాదాపు వాసన ఉండదు, గాలికంటే బరువు, గుంటలో చేరి ఊపిరి ఆడనివ్వదు. మంట తగిలితే విషవాయువులు పుడతాయి కనుక గ్యాసు తీస్తున్నచోట బీడీ గాని వెల్డింగు గాని పనికిరాదు. ద్రవం చర్మం మీద పడితే గడ్డకట్టి కాలినట్టు పుండు పడుతుంది. సిలిండరును మే నెల ఎండలో కారు డిక్కీలో వదిలిపెట్టటం మరీ ప్రమాదం.

ఇంతా చేసి కొన్న గ్యాసును లీకున్న బండిలో నింపితే సొమ్ము గాలిపాలే. ముందు నైట్రోజనుతో ఒత్తిడి పెట్టి లీకు పట్టించాలి. లీకు పెద్దదై గొట్టాలు మార్చవలసి వస్తే ఆర్-12 వెతుకులాట మాని ఆర్-134ఏకు మారటమే లాభమని ఈ విలేకరి అభిప్రాయం. కాని ఊరకే గ్యాసు మారిస్తే సరిపోదు. పాత ఖనిజ నూనె కొత్త గ్యాసుతో కలవదు. ఆ నూనె తీసి ఎస్టర్ నూనె పోయాలి, డ్రయ్యరు, రబ్బరు రింగులు మార్చాలి, పాత తూకంలో ఎనభై నుంచి తొంభై శాతమే నింపాలి. కండెన్సరు చిన్నదైతే ఒంగోలు ట్రాఫిక్‌లో ఆగినపుడు చల్లదనం తగ్గుతుంది. పెద్ద ఫ్యాను ఒకటి పెట్టించుకోవలసి ఉంటుంది.

బండిలో మిగిలిన ఆర్-12ను గాలిలోకి వదలకుండా యంత్రంతో వేరే సిలిండరులోకి తీయించుకోవాలి. ఆర్-12 ఏసీనే ఉంచుకున్న మరో యజమానికి అది పనికివస్తుంది. ఇచ్చే ముందు అదీ కాటా వేయవలసిందే.