అమెరికా రాజ్యాంగమున మాతృభాష: మేయరు వ్యాజ్యము

అమెరికా సంయుక్త రాష్ట్రముల రాజ్యాంగమున భాష ప్రసక్తియే లేదు. 1791లో చేరిన మొదటి పది సవరణలును మతమునకు, వాక్కునకు రక్షణ కల్పించినవి గాని, బడిలో నేర్పు భాషను గూర్చి పలుకలేదు. అట్టిచో ఒక భాషోపాధ్యాయునికి రక్షణ యెట్లు కలిగెనో మేయరు వ్యాజ్యము తెలుపును.

మొదటి ప్రపంచ యుద్ధమున జర్మనులపై రేగిన ద్వేషము చల్లారకమునుపే, 1919లో, నెబ్రాస్కా రాష్ట్రము ఎనిమిదవ తరగతి దాటని పిల్లలకు ఆంగ్లేతర భాషలు నేర్పరాదని శాసించెను. ప్రైవేటు బడులకును ఇదే కట్టడి. లాటిను, గ్రీకు వంటి మృతభాషలకు అడ్డు లేదని ఆ రాష్ట్ర న్యాయస్థానము చెప్పెను. నిషేధము బ్రతికియున్న భాషలకే! 1920లో లూథరను సంఘపు బడిలో పదేండ్ల బాలునికి జర్మను చదువు నేర్పిన రాబర్టు మేయరుకు 25 డాలర్ల జరిమానా పడెను.

1923లో సుప్రీంకోర్టు ఆ శిక్షను కొట్టివేసెను. 1868 నాటి పదునాల్గవ సవరణ ననుసరించి, తగిన న్యాయవిధి లేక ఏ రాష్ట్రమును ఎవరి స్వేచ్ఛను హరింపరాదు. ఉపాధ్యాయుడు బోధించు హక్కును, తల్లిదండ్రులు అతనిని నియమించుకొను హక్కును ఆ 'స్వేచ్ఛ' యను మాటలోనే ఇమిడియున్నవని న్యాయమూర్తి మెక్‌రేనాల్డ్స్ వ్రాసెను. ఏడుగురు ఇటు, ఇద్దరు అటు. వాక్స్వాతంత్ర్య పక్షపాతిగా పేరొందిన హోమ్స్ ఆ యిద్దరిలో నుండుట వింతయే.

ఈ రక్షణకు మేర కలదు. ఇంగ్లీషును తప్పనిసరి చేయు అధికారము రాష్ట్రమునకు మిగిలెను. మన రాజ్యాంగమున 30వ అధికరణము భాషా అల్పసంఖ్యాకులకు విద్యాసంస్థలు స్థాపించుకొను హక్కును పేరు పెట్టి యిచ్చినది. 1956లో చేరిన 350-ఎ అధికరణము ప్రాథమిక దశలో మాతృభాషాబోధనకు వసతులు కల్పింప యత్నించు బాధ్యతను రాష్ట్రములపై నుంచినది. మేయరుకు దొరకినది జర్మను చెప్పినందులకు దండన లేకుండుట మాత్రమే.