టైమింగు బెల్టు ఎప్పుడు మార్చాలి?

ట్రాక్టరు ఇంజనులో వాల్వులను వేళకు తెరిచి మూయించేవి సాధారణంగా పళ్ళచక్రాలు. కార్లలో కొన్నిటికి గొలుసు, కొన్నిటికి పళ్ళున్న రబ్బరు బెల్టు ఉంటాయి. మీ కారుకు ఏది ఉన్నదో ముందు తెలుసుకోండి.

బెల్టు తెగేముందు చప్పుడు చేస్తుందిలే అని ఊరుకోకండి. చెప్పకుండానే తెగవచ్చు. తెగితే చాలా ఇంజన్లలో పిస్టన్లు వాల్వులను కొట్టి వంచేస్తాయి. బెల్టు ఖర్చుతో పోయేది ఇంజను విప్పేదాకా వస్తుంది.

చాలా కార్లకు గడువు 60,000 నుంచి 1,60,000 కిలోమీటర్ల మధ్య ఉంటుంది. మీ బండి పుస్తకంలో ఇచ్చిన కిలోమీటర్లు, సంవత్సరాలు - ఏది ముందు నిండితే అప్పుడే మార్చాలి. బండి కదలకపోయినా రబ్బరు పాతబడుతుంది గదా! నూనె కారి తగిలితే ఇంకా త్వరగా చెడుతుంది.

పాత కారు కొన్నారా? బెల్టు మార్చిన రసీదు లేకుంటే వెంటనే మార్పించండి. బిగింపు చక్రాన్నీ, ఆ బెల్టుతోనే తిరిగేదైతే నీటిపంపునూ అప్పుడే చూపించండి. తేదీ, మీటరు అంకె రాసిపెట్టుకోండి.